వియ్యపురాలి విచారణ

చాపలవాళ్ల వీధిలో ఆమెను అందరూ ‘మైకు’ అనే పిలిచేవారు. ఆమె ఈ చివర నిలబడి తన కోడిని అదిలిస్తే ఆ చివరింటి కోళ్లు కూడా గంప కిందికి దూరేవి. నోరు పెద్దదైనా మనసు మంచిది. ఎవరికి ఏ కష్టం వచ్చినా కొంగు బిగించి ముందుండేది. అందుకే విచారణలో వీధి తరఫున ఎవరు మాట్లాడాలన్న మాట వచ్చినప్పుడు, ముప్ఫై ఇళ్లవాళ్లూ ఆమెవైపే చూశారు.

ఊరికి పల్లంలో ఒక మడుగు ఉంది. అందులో పెరిగే తుంగే ఆ వీధికి కూడూ గుడ్డా. దాన్ని కోసి, నిలువునా చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లుతారు. తాతలనాటి నుంచీ అదే పని. రెండేళ్ల కిందట ఒక పొద్దున కొడవళ్లు పట్టుకుని వెళ్లేసరికి మడుగు చుట్టూ ముళ్లకంచె, కంచెకు ఒక బోర్డు కనిపించాయి. ‘పచ్చదనాన్ని కాపాడుదాం. లోపలికి రావద్దు’ అని దానిమీద రాసి ఉంది. అప్పటినుంచి ఎక్కడెక్కడి నుంచో తుంగ మోసుకొచ్చుకోవలసి వచ్చింది. ఓపిక లేనివాళ్ల మగ్గాలు అటకెక్కాయి.

అలాంటప్పుడు వచ్చింది సంఘం అమ్మాయి. దిక్కులేనివాళ్ల హక్కుల కోసం పనిచేసే ఒక సంఘంలో ఆమెది ఉద్యోగం. వారానికి రెండుసార్లు వచ్చి, చాపమీద బాసింపట్టు వేసుకుని చట్టం చదివి వినిపించేది.

“తరతరాలుగా మడుగు మీద బతికేవాళ్లని అడక్కుండా కంచె వెయ్యకూడదు పెద్దమ్మా. ఇందులో రాసుంది చూడు.”

“నాకు చూపిస్తావేం తల్లీ, నాకు అక్షరమ్ముక్క రాదు. ఆ కంచె వేసినోడికి చూపించు,” అంది మైకు.

అర్జీలు పెట్టారు. వెళ్లారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు. చెప్పులరిగాక విచారణకు తేదీ పడింది. అమ్మాయి పక్కన ఉండవచ్చు గానీ, మాట్లాడవలసింది మడుగు మీద బతికేవాళ్లేనని ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఉంది.

“ఆఫీసరేగా! ఏం, మింగేస్తాడా?” అని వీధి వీధంతా వినబడేలా అంది మైకు. అందరూ వెళ్లాక అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో చెప్పింది. “కుళాయి దగ్గర పోట్లాట వేరు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆఫీసు గడప తొక్కలేదమ్మాయ్.”

“అయితే ముందు ఇక్కడే ఆడి చూద్దాం. మనలో ఒకరు ఆఫీసరు వేషం వెయ్యాలి,” అంది అమ్మాయి.

ముందు మైకు మొగుణ్ణి అడిగారు. “పెళ్లయినప్పటినుంచి దానికి ఎదురు మాట్లాడి ఎరగను. ఈ వయసులో కొత్త అలవాట్లెందుకు?” అని ఆయన తప్పుకున్నాడు. మిగతా మగవాళ్లు కూడా నేల చూపులు చూశారు. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. “నేనేస్తా.”

ఆ చెయ్యి మైకు వియ్యపురాలిది.

మైకు కూతుర్ని ఇచ్చింది నాలుగిళ్ల అవతలికే. పెళ్లిలో తనకు వేసిన చాప అంచు వంకరగా ఉందని వియ్యపురాలు అన్న మాట, పదకొండేళ్లయినా మైకుకు గొంతు దిగలేదు. ఎదురుపడితే ఇద్దరూ నవ్వుకునేవారు, పళ్లవరకే.

మర్నాడు వియ్యపురాలు మొగుడి కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. బోర్లించిన గంపే బల్ల. దాని వెనక కూర్చుని గొంతు సవరించుకుంది.

“ఏయ్! ఎవరు నువ్వు? ఎందుకొచ్చావ్?”

“అదేంటి వదినా, నేనెవరో తెలీదా?”

“వదినెవరు? ఆఫీసర్ని! సరిగ్గా నిలబడు. ఆ మడుగు నీ అబ్బ సొమ్మా?”

మైకుకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెడామడా నాలుగు దులిపింది. అమ్మాయి పకపకా నవ్వి, “ఆ కోపం ఉండనీ పెద్దమ్మా, తిట్లు మాత్రం తీసెయ్,” అంది. పదిహేను రోజులు అలాగే సాగింది. తిట్లు ఒక్కొక్కటే రాలిపోయి వాటి చోట జవాబులు మొలిచాయి. మైకుకు ధైర్యం పెరిగింది. వియ్యపురాలికి మాత్రం పదవి బాగా తలకెక్కింది. కోడలు వచ్చి చేటెక్కడ పెట్టారత్తా అని అడిగితే, “రేపు రా, చూద్దాం,” అన్నదట.

విచారణ రోజు రానే వచ్చింది. ఆఫీసు మేడమీద పొడుగాటి గది, గోడవారగా ఫైళ్ల గుట్టలు, మధ్యలో బల్ల. మైకు పిడికిళ్లు బిగించి లోపల అడుగుపెట్టింది. బల్ల వెనకనుంచి ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

“రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మంచినీళ్లు తాగుతారా?”

మైకు గతుక్కుమంది. మెత్తటి కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు. గ్లాసు చేతికొచ్చింది. ఆఫీసరు వెన్నపూసలాంటి గొంతుతో, “మీ ఇబ్బంది నాకు తెలుసమ్మా. తప్పకుండా పరిశీలిద్దాం. ఇంకేమైనా చెప్పాలా?” అన్నాడు.

మైకు గ్లాసు ఖాళీ చేసి బల్లమీద పెట్టింది. నేర్చుకున్న జవాబులన్నీ కసిరేవాడికోసం సిద్ధం చేసినవి. నవ్వేవాడికి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. గోడ పక్కన నిలబడ్డ అమ్మాయి కళ్లతో ఎంత సైగ చేసినా లాభం లేకపోయింది. “అబ్బే, ఏం లేదు బాబూ...” అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. గుమాస్తా అప్పటికే ఫైలుకు తాడు చుడుతున్నాడు.

“ఏయ్!”

గది దద్దరిల్లింది. తోడుగా వచ్చి వెనక బెంచీమీద కూర్చున్న వియ్యపురాలు లేచి నిలబడింది. “నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? మాట్లాడవేం? ఆ మడుగు నీ అబ్బ సొమ్మా?”

మైకు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి వెనక్కి తిరిగింది. “మా అబ్బ సొమ్ము కాదు, మా అబ్బ చెమట! ఏటేటా దిగి, నాచు తీసి, పూడిక తీసి కాపాడింది మావాళ్లు!”

“మాటలెవరైనా చెప్తారు. రుజువేది?”

“ఇదిగో రుజువు!” మైకు సంచిలోంచి రెండు తుంగకాడలు తీసింది. “ఇది పైవాగులో ఏటా కోసేచోటిది.” వంచితే కాడ దారంలా మణికట్టుకు చుట్టుకుంది. “ఇది మీ కంచె లోపలిది, సందులోంచి చెయ్యిపెట్టి కోసింది.” వంచగానే పుటుక్కున విరిగింది. “కోస్తే చిగురేస్తుంది. కొయ్యకపోతే ముదిరి, నీళ్లలోనే కుళ్లి కంపు కొడుతుంది. పచ్చదనం కాపాడతామని బోర్డు కట్టి మడుగుని చంపుతోంది ఎవరు? మేమా, మీ కంచా?”

“బాగా అడిగావు వదినా!” అనేసి, వియ్యపురాలు నాలిక కరుచుకుంది.

గుమాస్తా కలం పట్టుకుని బిక్కమొహం వేశాడు. “ఏం రాయమంటారు సార్? ప్రశ్నలన్నీ ఆవిడవి, జవాబులన్నీ ఈవిడవి.”

ఆఫీసరు ముందు నవ్వాపుకోబోయి, కుదరక నవ్వేశాడు. తర్వాత విరిగిన కాడను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. “మడుగు ఇంత పాడైందా?”

“మీరు చూళ్లేదా బాబూ?” మైకు ఇప్పుడు మామూలుగానే అడిగింది.

“లేదమ్మా,” అన్నాడాయన. ఈసారి ఆ గొంతులో వెన్న లేదు. “వచ్చే వారం వస్తాను.”

అన్నట్టే వచ్చాడు. బూట్లతో దిగబోయి మోకాలిదాకా బురదలో కూరుకుపోతే, మైకూ వియ్యపురాలూ చెరో చెయ్యీ పట్టుకుని పైకి లాగారు. ఒక బూటు మడుగుకే దక్కింది.

నెలన్నరకు ఉత్తర్వు వచ్చింది. కంచెకు తలుపు పెడతారు. తాళంచెవి చాపలవాళ్ల దగ్గరే ఉంటుంది. అయితే కొంగలు గూళ్లు కట్టుకునే ఉత్తరపు గట్టును మాత్రం పిల్లలు ఎగిరేదాకా ముట్టుకోకూడదు. ఆ చివరి ముక్కకు వీధిలో కొందరు గొణిగారు. “వాటికీ సంసారాలుంటాయిగా, ఉండనివ్వండి,” అంది మైకు.

తలుపు తెరిచిన మొదటి పక్షమంతా ఒక్క చాపకైనా పనికొచ్చే తుంగ దొరకలేదు. ముదిరి కుళ్లినదంతా కోసి గట్టుకెయ్యడమే సరిపోయింది. మైకు అరచేతులు బొబ్బలెక్కాయి. వియ్యపురాలు వాటికి ఆముదం రాస్తూ, “మెల్లగా కొయ్యి వదినా, మడుగెక్కడికీ పోదు,” అంది. నెల తిరిగేసరికి నీళ్లమీద వేలెడంత పచ్చటి మొలకలు లేచాయి. అటకమీది మగ్గాలు దిగాయి.

ఆ రోజుల్లోనే పక్క ఊరి కుమ్మరులు నలుగురు మైకును వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లు మట్టి తవ్వుకునే దిబ్బకు ఎవరో అడ్డుకట్ట వేశారట. “మాక్కూడా మాట్లాడ్డం నేర్పక్కా,” అన్నారు.

మైకు వాళ్లను కూర్చోబెట్టింది. “మీ ఆఫీసరు తిట్టే రకమా, నవ్వే రకమా?”

కుమ్మరులు మొహమొహాలు చూసుకున్నారు. “తెలీదక్కా.”

“ముందది కనుక్కోండి. తిట్టేవాడైతే వారం చాలు. నవ్వేవాడైతే నెల కావాలి.” ఆమె లేచి కొంగు బిగించి, నాలుగిళ్ల అవతలికి వినబడేలా కేకేసింది. “వదినా, బయల్దేరు! పనిపడింది!”