ఫోన్ లేనివాళ్ళ పేర్లు

కంటి ఆపరేషన్ల జాబితాలో పిన్ని పేరు లేదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర మూడు గంటలు నిలబెట్టి, “మీరసలు నమోదే చేసుకోలేదమ్మా” అని పంపేశారు. ఎడమకన్ను ఇప్పటికే పోయింది. కుడికంటికి ఈ శిబిరంలో ఆపరేషన్ జరగకపోతే అదీ దక్కదని డాక్టరు ముందే చెప్పాడు.

పిన్ని ఫారం నింపింది అమ్మడే. పిన్ని చేతుల్లో పెరిగిన పిల్ల, పైగా ఆ వెబ్‌సైట్ తయారుచేసిన ఆఫీసులోనే ప్రోగ్రామర్. ‘నమోదైంది, ధన్యవాదాలు’ అని తెరమీద కళ్ళారా చూసింది. ఆసుపత్రివాళ్ళు పిన్నిని పంపేసిన మర్నాడు, ఆఫీసుకు వచ్చీ రాగానే ఆ ఫైళ్ళు తెరిచింది.

నమోదు పేజీ మూడు ఫైళ్ళను వరసగా పిలుస్తుంది. మొదటిది ధన్యవాదాలు చెబుతుంది. రెండోది ఫోన్‌కు సందేశం పంపుతుంది. మూడోది పేరును జాబితాలో రాస్తుంది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, పేరు రాయకముందే ధన్యవాదాలు చెప్పే ఈ వరస పెట్టిన మహానుభావుడు సీనియర్. తన ప్రతి ఫైలు నెత్తినా ‘నన్నడగకుండా ముట్టుకోవద్దు’ అని రాసుకుంటాడు కాబట్టి, చాటున అందరూ ఆయన్ని ‘ముట్టుకోవద్దు సార్’ అంటారు.

రెండో ఫైల్లో, ఫోన్ నంబరు లేకపోతే ఏం చెయ్యాలో ఒక్క మాట రాసి ఉంది: ఎగ్జిట్. అమ్మడికి ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఉండాల్సింది రిటర్న్. రిటర్న్ అంటే ఈ ఫైలు వదిలేసి, పిలిచిన పేజీకి తిరిగి వెళ్ళి మిగతా పని చూడమని. ఎగ్జిట్ అంటే సర్వం అక్కడికక్కడే ఆపెయ్యమని. పిన్నికి ఫోన్ లేదు. ఆవిడ పేరు మూడో ఫైలు గడప తొక్కనే లేదు. పేరు రాయకముందే ధన్యవాదాలేంటని నెల క్రితం తను అడిగితే, “నువ్వు పుట్టకముందు నుంచీ రాస్తున్నా” అని ఆయన నవ్వేశాడు.

ఆయన్ని పిలిచి చూపించింది. ఆయన మొహం మాడిపోయింది.

“ఒక్క మాటే కదమ్మా, మార్చేద్దాం. ఎవరైనా అడిగితే సర్వర్ పడిపోయిందందాం.”

“నెలరోజులుగా పోయిన పేర్ల సంగతేంటి?”

“వాళ్ళకి ఫోన్ చేసి మళ్ళీ నమోదు చేసుకోమందాం. లిస్టు తియ్యి.”

“ఏ లిస్టు సార్? రాస్తే కదా ఉండటానికి! ఫోన్ లేదనే కదా వాళ్ళని గెంటేశారు, ఇప్పుడు ఏ నంబరుకి చేస్తారు? లేవండి. వాళ్ళు ఆసుపత్రికే వస్తారు. గేటు దగ్గర నిలబడి మీ చేత్తో మీరే రాయండి.”

ఆమె గొంతుకి ఆఫీసంతా తలెత్తి చూసింది. ఆయన కాగితాలు తీసుకుని లేచాడు.

ఆసుపత్రివాళ్ళు ఎంత బతిమాలినా ఇరవై మందినే అదనంగా తీసుకుంటామన్నారు. ఎండెక్కేసరికి గేటు ముందు పెద్ద వరస తయారైంది. కబురందుకున్న పిన్ని, గోడ తడుముకుంటూ వచ్చి వరస చివర నిలబడింది. ఆయన రాస్తూ రాస్తూ ఆవిడను చూసి, అమ్మడి వైపు వంగాడు.

“మీ పిన్నిని ముందుకి రమ్మను. ఎవరికీ తెలీదులే.”

అమ్మడికి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, సరేననాలనిపించింది. అందుకు తనమీద తనకే కోపమొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ముందున్న వాళ్ళని కూడా ఆపింది మీరే సార్. వరసలోనే రాయండి.”

ఆయన తలవంచుకుని రాశాడు. పిన్నిది ఇరవైమూడో పేరు.