ఓబుళరెడ్డి కారులో వేడిపెట్టె

కడపలో ఆ నల్లకారును ఎరగనివాళ్లు తక్కువ. ముగ్గురాయి గనుల్లో పనిచేసిన తెల్లదొర ఒకడు, తన దేశానికి వెళ్లిపోతూ ఓబుళరెడ్డికి అమ్మిన కారు అది. పద్నాలుగు నెలలుగా ఇంటిముందు రేకుల షెడ్డులో కదలకుండా పడి ఉంది. ఓబుళరెడ్డికి క్షయ అని తేలి, మదనపల్లె దగ్గరి శానటోరియంలో చేర్చి వచ్చిన రోజే అది చివరిసారి నడిచింది. ఆ సాయంత్రమే డ్రైవరు తాళంచెవి అరుగుమీద పెట్టి, "నాకు పిల్లలుండారమ్మా" అని చెప్పి గడప తొక్కకుండానే వెళ్లిపోయాడు.

ఓబుళరెడ్డి భార్య కృష్ణవేణమ్మకు పిల్లలు లేరు. మొదట్లో బంధువులు వీధిలో నిలబడైనా పలకరించి పోయేవారు. తర్వాత అదీ లేదు. పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. తోడికోడలు నాగలక్ష్మమ్మ ఒక్కసారి లోపలికి వచ్చింది. ఇచ్చిన మంచినీళ్ల లోటాను చేతిలో పట్టుకుని మాట్లాడినంతసేపూ మాట్లాడి, నిండు లోటాను అట్లాగే గూట్లో పెట్టి పోయింది. ఆ నీళ్లు పారబోసేటప్పుడు కృష్ణవేణమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపమే ఆమెకు తోడుగా ఉండిపోయింది. వీళ్లంతా ఇంత పిరికివాళ్లా అని రోజూ ఒకసారైనా అనుకునేది.

భర్త ఉత్తరాల్లో రెండే మాటలుండేవి. నేను బాగున్నాను, నువ్వు జాగ్రత్త. డిసెంబరు మొదట్లో వచ్చినది మాత్రం కాస్త పెద్దది. "ఇరవయ్యో తేదీ పంపిస్తామంటున్నారు. ఆపరేషను చేసి పక్కటెముకలు తీసినప్పటి నుంచి చలి ఓర్చుకోలేకపోతున్నాను. బస్సులో రాలేను. మన కారులో హీటరు పనిచేసేటట్టయితే అందులో వస్తాను."

పద్నాలుగు నెలల్లో ఆయన ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. కృష్ణవేణమ్మ ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి, షెడ్డులోకి వెళ్లి కారు తలుపు తీసింది. ముందుసీటు కింద చాప తుప్పురంగులో ఎండిపోయి ఉంది. శానటోరియానికి పోయిన రోజు హీటరు పెట్టగానే వేడినీళ్లు ఆమె పాదాల మీదే కారాయి.

మొదట పిలిచిన మెకానిక్కు నవ్వాడు. "కడపలో హీటరేందమ్మా? ఎండాకాలం కారు టాపుమీద రొట్టె కాల్చుకోవచ్చు గదా. హీటరు పక్కనపెట్టి, దానికి పోయే రెండు గొట్టాలూ కలిపేస్తా, కారడం ఆగిపోతాది" అన్నాడు. రెండోవాడు ఎవరి కారో వినగానే రేపొస్తానని చెప్పి రాలేదు. మూడోవాడు దావీదురాజు. దర్గాకు పోయే దారిలో రేడియేటర్లకు మాట్లు వేసే మనిషి. సైకిలు దిగగానే, "కొంచెం నీళ్లియ్యమ్మా" అని అడిగాడు. లోటా ఎత్తి గటగటా తాగి, మళ్లీ చాపాడు.

"ఇంకొంచెం."

కృష్ణవేణమ్మ లోటా అందుకోకుండా అతనివైపే చూస్తూ నిలబడింది. "ఇది ఎవరిల్లో తెలుసునా నీకు?"

"తెలుసమ్మా. మా నాయన పోయింది ఆ జబ్బుతోనే. ఆయన పక్కనే పండుకునేవాణ్ణి. నాకేం కాలా."

అతను కారు కింద దూరి రేడియేటరు నీళ్లు బక్కెట్లోకి వదిలాడు. ముందు అద్దం కింది పలక విప్పి, దాని వెనక బిగించి ఉన్న నల్లటి పెట్టెను బయటికి తీశాడు. దానిలోపల ఇటుకంత చిన్న రేడియేటరు ఉంది. ఇంజను నీళ్లు కాగి దీనిలోకి వస్తాయనీ, వెనకనున్న చిన్న ఫ్యాను ఆ వేడిని లోపలికి ఊదుతుందనీ చెప్పాడు. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపుతో ఇటలీ దాకా పోయాడట. అక్కడ మంచులో ఇట్లాంటివి చాలా బాగుచేశాడట. తిరిగొచ్చాక ఇదే మొదటిది.

దాన్ని నీళ్లతొట్టిలో ముంచి ఊదితే అన్నివైపుల నుంచీ బుడగలు వచ్చాయి. మాటు వేద్దామని కాల్చిన కడ్డీ ఆనించాడు. గొట్టం పొడిపొడిగా రాలిపోయింది.

"ఇది పనికిరాదమ్మా. మద్రాసుకు రాసినా దొరకదు, ఈ పక్క ఎవురూ అడగరు గదా. ఒక పని చేస్తా. నా కాడ పాత లారీ రేడియేటరు ఉండాది. దాంట్లో మంచిగుండే ముక్క కోసి, ఈ పెట్టెకు సరిపోయేటట్టు చేస్తా. రెండు పక్కలా మూసేదానికి మందమైన ఇత్తడి రేకు కావాల."

ఆమె లోపలికి వెళ్లి తాంబూలాల పళ్లెం తెచ్చి ఇచ్చింది. వచ్చినవాళ్లకు వక్కాకు పెట్టే పెద్ద పళ్లెం. అతను దాన్ని తిప్పి చూశాడు.

"ఇంత మంచిదాన్ని కోయాల్నా?"

"కోయప్పా. ఎవరొస్తాండారు ఈడికి?"

రెండు రోజులు షెడ్డులో సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంట్లో ఇంకొక మనిషి అలికిడి విని ఎన్నాళ్లయిందో! కృష్ణవేణమ్మ ఏదో ఒక నెపంతో షెడ్డుకు వెళ్లి నిలబడేది. అతను పెద్దగా మాట్లాడడు. సీసం కరిగించేటప్పుడు అసలే మాట్లాడడు. అయినా మజ్జిగ ఇస్తే తాగేవాడు, సంగటి పెడితే తినేవాడు. మూడోరోజు తొట్టిలో ముంచి ఊదితే ఒక్క బుడగ కూడా రాలేదు. పెట్టె బిగించి, ఇంజను వేడెక్కేదాకా నడిపించి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నాడు. వెచ్చటి గాలి ఆమె అరచేతికి తగిలింది. ఆమె చెయ్యి వెంటనే తీసుకోలేదు.

డ్రైవరు దొరకడని ఇద్దరికీ తెలుసు. "నేనే తోల్తాలేమ్మా" అన్నాడు దావీదురాజు. "మాటు కొత్తది. దారిలో ఏమన్నా అయితే నేనుండాల గదా."

ఇరవయ్యో తేదీకి ముసురు పట్టింది. తుపాను గాలి కొండలమీదుగా ఈడ్చి కొడుతోంది. శానటోరియం వరండాలో ఓబుళరెడ్డి కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమభుజం కిందికి జారి, మనిషి ఒకవైపు ఒరిగిపోయాడు. నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, భార్యను చూసి తల ఊపాడు. డాక్టరు కాగితం ఇచ్చి చెప్పాడు. "కళ్లెలో క్రిములు లేవమ్మా. భయపడాల్సిన పని లేదు. ఒక ఏడాది పాటు గిన్నెలు వేరుగా పెట్టండి, చాలు."

వేడి ముందుసీటుకే తగులుతుంది కాబట్టి ఆయన్ను ముందు కూర్చోబెట్టారు. కృష్ణవేణమ్మ ట్రంకుపెట్టె పక్కన వెనక కూర్చుంది. కారు కదిలిన కాసేపటికి ఓబుళరెడ్డి రెండు చేతులూ పెట్టె ముందుకు చాచాడు. "కాలుతాండాదే!" అన్నాడు దావీదురాజుతో, ఆశ్చర్యంగా. ఇటలీ సంగతులు ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకున్నాడు. గడ్డకట్టిన నూనెను పొయ్యిమీద కాచి ఇంజన్లో పోసిన కథ విని నవ్వాడు కూడా. వెనక కూర్చుని ఆ నవ్వు వింటున్న కృష్ణవేణమ్మకు సంతోషమూ వేసింది, తాను అక్కడ లేనట్టూ అనిపించింది. తలుపు సందులోంచి చలిగాలి కాళ్లకు కొడుతుంటే చీరకొంగు మోకాళ్లకు చుట్టుకుంది.

రాయచోటిలో నీళ్లు చూసుకోవడానికి దావీదురాజు కారు ఆపి దిగాడు. ఇద్దరే మిగిలారు. ఓబుళరెడ్డి మెల్లగా వెనక్కి తిరిగాడు.

"వణుకుతాండావు. ముందుకు రా. ముగ్గురికీ సరిపోతాది సీటు."

వస్తున్నా అనాలనుకుంది. నోరు తెరిచింది కూడా. కానీ చెయ్యి తలుపు పిడిమీదికి పోలేదు. ఆ ఇరుకుసీట్లో ఆయన ఊపిరికి ఎంత దగ్గరగా కూర్చోవాలో ఆమె మనసు అప్పటికే కొలిచేసింది. ఒక్క గుక్క తిప్పుకునేంత సేపు, అంతే. నాగలక్ష్మమ్మ చేతిలో లోటా పట్టుకుని నిలబడింది కూడా ఇట్లాగే కాబోలు.

ఓబుళరెడ్డి చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అట్లాంటి చూపులు చాలా చూసినవాడిలా, చేతిగుడ్డ నోటికి సర్దుకున్నాడు.

"వద్దులే. ఆడనే కూచో. ట్రంకుపెట్టె పడిపోతాదేమో" అని ముందుకు తిరిగాడు.

దావీదురాజు వచ్చి కారు తీశాడు. ఓబుళరెడ్డి వేడికి చాచిన చేతులు కంబళిలోకి తీసుకున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి. కృష్ణవేణమ్మ భర్త మెడ వెనక ఎముకనే చూస్తూ కూర్చుంది. ఇన్ని నెలలు ఊరందరినీ ఎన్ని తిట్టుకుంది! ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి తగలాలి? కారు పదిహేను మైళ్లు పోయింది. గువ్వలచెరువు దాటి కనుమ దిగబోతుండగా ఆమె ముందుకు వంగింది.

"దావీదురాజూ, ఆపప్పా."

వానలో దిగి, ముందు తలుపు తీసింది. ఓబుళరెడ్డి ఆమెను ఒకసారి చూసి, మధ్యకు జరిగాడు. ఆమె కూర్చుని తలుపు వేసింది. పాదాలకు వెచ్చదనం తగిలింది. ఆయన మాత్రం ముఖం అటువైపు తిప్పుకుని, గుడ్డ తీయకుండా, తమ మధ్య జానెడు చోటు మిగిలేటట్టు ఒదిగి కూర్చున్నాడు. కనుమ మలుపుల్లో కారు ఒరిగినప్పుడల్లా ఆయన సీటు అంచు పట్టుకుని ఆమె మీదికి ఒరగకుండా కాచుకున్నాడు. మూడో మలుపులో ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. దావీదురాజు సామాను దించి, హీటరు గొట్టాలు తడిమి చూసి, "బాగుండాది, ఏం కారలా" అని చెప్పి సైకిలెక్కాడు. ఎదురింటి తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. ఓబుళరెడ్డి అరుగుమీద నిలబడి ఇంటిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"నా గది యాది?" అని అడిగాడు.

వారం క్రితమే ఆమె వీధివైపు గది కడిగి, మంచం వేసి, వేరే కంచమూ గ్లాసూ పెట్టి ఉంచింది. డాక్టరు చెప్పకముందే పెట్టింది. అది గుర్తొచ్చి ఆమె ట్రంకుపెట్టె ఎత్తుకోవడానికి వంగింది. ఆయనే తలుపు తీసి ఉన్న గదిలోకి చూసి, మంచం గమనించి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

కృష్ణవేణమ్మ పొయ్యి వెలిగించి ఇద్దరికి వండింది. ఉప్పు ఎంత వేయాలో మరిచిపోయింది. ఆయన కంచం మంచం దగ్గర పెట్టి, తన కంచంతో గడపకు ఇవతల కూర్చుంది. ఇద్దరూ తింటున్నారు. బయట ముసురు ఇంకా వదలలేదు.

"ఉప్పెక్కువైందా?" అని అడిగింది.

"కొంచెం" అన్నాడు ఆయన.

ఆమె తన కంచం ఎత్తుకుని, గడప దాటి, ఆ గదిలోనే గోడవారగా కూర్చుంది.