ఎనిమిది స్పీకర్ల పెట్టె

బావ ఏదైనా కొనిపెడతానన్నప్పుడు గుంజ ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఉండాల్సింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి బావ. డ్రమ్ము మీద పొర చిరిగితే టేపు అంటించి నెలల తరబడి వాయించే రకం. అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరేయ్ బామ్మర్దీ, నీ పాత పెట్టె మూలుగుతోంది. కొత్త స్పీకర్ క్యాబినెట్ కొందాం పద. ఏది కావాలో నువ్వే ఎంచుకో" అన్నాడు. అనుమానించాల్సింది పోయి గుంజ పొంగిపోయాడు.

గుంజ అతని అసలు పేరు కాదు. బావ నడిపే బ్యాండులో ఇరవై ఏళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నాడు. వాయిస్తున్నంతసేపూ పాతిన గుంజలా నిలబడిపోతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. తన స్పీకర్ పెట్టెకు మూరెడు దూరంలో, డ్రమ్ముల పక్కన, చూపు బావ కుడిపాదం మీద నిలిపి వాయిస్తాడు. బావ పాదం పెద్ద డ్రమ్మును కొట్టే క్షణమూ, తన వేలు లావుతీగను లాగే క్షణమూ ఒకటైపోవాలి. అక్క పెళ్ళయిన ఏడాది మొదలైన జోడు అది. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్న రోజుల్లో కూడా ఆ పాదమూ ఈ వేలూ మాత్రం పోట్లాడుకోలేదు.

సంగీత వాయిద్యాల కొట్టు మేడ మీద పరీక్ష గదిలో కొట్టాయన మూడు పెట్టెలు పెట్టించాడు. ఒకే పెద్ద స్పీకరున్నది, నాలుగు చిన్న స్పీకర్లది, ఎనిమిదింటిది. ఎనిమిదింటిది ఫ్రిజ్ అంత ఉంది, చక్రాల మీద నిలబడి.

గుంజ మొదటిదాంట్లో వాయించి తల అడ్డంగా ఊపాడు. "గుండ్రంగానే ఉంది. కానీ బద్ధకం. నేను పలికాక ఆలోచించుకుని పలుకుతోంది."

"నీ మేనకోడలు కూడా అంతే" అన్నాడు బావ.

రెండోది నచ్చింది. నోటు నోటుగా గట్టిగా కొడుతోంది, ఒక్కడే మోసుకెళ్ళొచ్చు. "ఇది చాలు బావా. హాల్లోకి ఎలాగూ పెద్ద స్పీకర్లలో వెళ్తుంది కదా. ఇది నేను వినడానికే."

"చాలు ఏంట్రా చాలు? ఆ పెద్దది పెట్టు."

ఎనిమిది స్పీకర్ల పెట్టెలోంచి మొదటి నోటు రాగానే గుంజ ప్యాంటు కాళ్ళు ఊగాయి. ఛాతీలో ఎవరో తలుపు తట్టినట్టయింది. దాని ముందు నిలబడితే ఇంకేదీ వినబడదు. ముఖం చూస్తేనే తెలిసిపోతోంది, మనిషి దానికి పడిపోయాడని.

"ఇదే ఖాయం" అన్నాడు బావ. "ఇక మన పాటలన్నీ దీంట్లో వాయించి చూడు. మొదటి నుంచి చివరిదాకా, పూర్తిగా. మిక్సరు రికార్డు చేస్తాడు. ఇంటికెళ్ళి తీరిగ్గా వినొచ్చు."

మిక్సరంటే బ్యాండుకు సౌండు చూసే మనిషి. అతను అప్పటికే శబ్దం పెంచే యాంపు వెనక వైరు గుచ్చి కూర్చున్నాడు. గుంజ చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టాడు. అందులో టిక్కు టిక్కుమని తాళం.

"ఇదెందుకు?"

"డ్రమ్ములు లేవుగా అన్నా. తాళం తప్పకుండా ఉంటుందని."

గుంజ వాయించాడు. కొత్త బట్టలు కట్టుకున్న పిల్లాడిలా వాయించాడు. తన కోసం బావ ఖర్చు పెడుతున్నాడు, తన మాట అడుగుతున్నాడు అన్న సంతోషం వేళ్ళలోకి దిగింది. పడవ పాట అని వాళ్ళు పిలుచుకునే పాట చివర్లో ఒక చిన్న పొరపాటు జరిగింది. ఎవరూ చక్రాల లాకు వెయ్యలేదు. పెట్టె మెల్లగా దొర్లుకుంటూ మీదికి వచ్చింది. గుంజ మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ తడబాటులో ఒక్క నోటు వెంట్రుకవాసి ఆలస్యంగా పడింది.

"మళ్ళీ వాయిస్తా బావా."

"పర్లేదులేరా. పెట్టెని చూసుకోడానికేగా."

కిందికి దిగుతుంటే కొట్టాయన వైర్‌లెస్ సెట్టు చూపించాడు. గిటారుకు వైరు అక్కర్లేదు. నడుముకు అగ్గిపెట్టె అంత డబ్బా, యాంపు మీద ఇంకో డబ్బా. హాలు ఆ చివరకు వెళ్ళినా పలుకుతుంది. గుంజ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఈ వయసులో ఒక్కసారైనా స్టేజీ దిగి, జనం మధ్యకు వెళ్ళి వాయించాలని అతనికో కోరిక ఉంది. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు.

బావ ముఖం ఒక్కసారిగా మాడిపోయింది. "అదొద్దు. మధ్యలో సిగ్నల్ పోతే పరువు పోతుంది. అయినా గుంజకి వైర్‌లెస్ ఏంట్రా, గేదెకి గొడుగులాగ?"

అందరూ నవ్వారు. గుంజ కూడా నవ్వి డబ్బా కింద పెట్టాడు. ఇంత పెద్ద పెట్టె కొన్నవాడు ఇంత చిన్న డబ్బాకు అంత కంగారుపడడమేమిటని ఆ పూట అతనికి తట్టలేదు.

తర్వాత నాలుగైదు ప్రోగ్రాములు జరిగాయి. బావ కొత్తగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డ్రమ్ములు వాయిస్తున్నాడు. చెవుల డాక్టరు చెప్పాడన్నాడు. గుంజ తన పెట్టె ముందు నిలబడి, ఆ హోరులో తనను తాను తప్ప మరొకరిని వినకుండా వాయిస్తున్నాడు. ఒకరోజు ఊరికే కొట్టుకు వెళ్ళి, తన డబ్బుతో ఆ వైర్‌లెస్ సెట్టు కొనుక్కున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పెద్ద ప్రోగ్రాము రోజున తీద్దామనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఒక కంపెనీ వార్షికోత్సవం, మధ్యాహ్నం పూట. కంపెనీ వాళ్ళతో పాటు మూడో వరసలో ఒక ఓడ మేనేజరు కూర్చున్నాడు. ప్రయాణికుల ఓడలో ఏడాది పాటు పాడే బ్యాండు కోసం వెతుకుతున్నాడట. ఆ ఓడ ఎక్కాలని బ్యాండులో అయిదుగురికీ ఆశే. అందరికంటే గుంజకే ఎక్కువ. అతను సముద్రం చూసిందే రెండుసార్లు.

పడవ పాట మొదలయ్యే ముందు గుంజ వైరు ఊడదీసి, వైర్‌లెస్ డబ్బా నడుముకు తగిలించాడు. మొదటి చరణంలో అడుగు ముందుకేశాడు. ఇంకో అడుగు. మెట్లు దిగాడు. పాటగాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే చూశాడు. డ్రమ్ముల వెనకనుంచి బావ తల అడ్డంగా ఊపుతున్నాడు. గుంజ దాన్ని ఆశ్చర్యం అనుకుని నవ్వాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఓడ మేనేజరు వెనక్కి తిరిగి మరీ చూశాడు. గుంజ అలా నడుచుకుంటూ వెనక తలుపు దగ్గరి చీకట్లోకి వెళ్ళాడు. తన పెట్టె హోరు స్టేజీ మీదే ఉండిపోయింది. ఇక్కడ వినబడుతున్నది హాలు స్పీకర్లలోంచి వచ్చే శబ్దం.

ఏదో తేడాగా ఉంది. తన వేలు ఒకటి చేస్తుంటే చెవికి ఇంకొకటి తగులుతోంది. తను పైకి వెళ్ళినచోట అది కిందికి వెళ్ళింది. వైర్‌లెస్సులో ఏదో గోల అనుకుని వాయించడం ఆపేశాడు.

బేస్ ఆగలేదు.

రెండు చేతులూ తీగల మీదినుంచి ఎత్తాడు. అయినా ఆగలేదు. నిండుగా, హాయిగా సాగిపోతోంది. ఎవరు వాయిస్తున్నారు? స్టేజీ మీద మరో బేస్ లేదు. గుంజ చెవి ఒగ్గి విన్నాడు. పాట చివరికొచ్చింది. అక్కడ ఒక్క నోటు వెంట్రుకవాసి ఆలస్యంగా పడింది.

మోకాలికి ఆ పెట్టె అంచు మళ్ళీ తగిలినట్టయింది.

విరామంలో స్టేజీ వెనక సామాన్ల గదిలో బావను పట్టుకున్నాడు. మిక్సరు అక్కడే ఉన్నాడు. వైర్లు చుట్టడం అంత ముఖ్యమైన పని అని అప్పుడే తెలిసినట్టు తల దించుకుని చుడుతున్నాడు.

"ఎప్పట్నుంచి బావా?"

బావ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏది?"

"కొట్లో నా చేత వాయించుకున్న రికార్డునే హాల్లో వినిపిస్తున్నారుగా. నా గిటారు లైను హాల్లోకి వెళ్ళట్లేదు. ఎప్పట్నుంచి?"

"పెట్టె కొన్న దగ్గర్నుంచి." బావ ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఓడలో బ్యాండుకి ఇచ్చేది ఒక్కటే గదిరా, నాలుగే పడకలు. మనం అయిదుగురం. పాటగాణ్ణి తీస్తే పాట లేదు. గిటారు, కీబోర్డు కళ్ళకి కనబడతాయి. నేను లేకపోతే బ్యాండే లేదు. ఏం చెయ్యమంటావ్?"

"నన్ను అడగమంటాను."

"అడిగితే ఒప్పుకునేవాడివా? ఓడలో వినిపించే ముందు ఇక్కడ పరీక్షించాం. జనానికి తెలియలేదు. జనం దాకా ఎందుకు, నీకే తెలియలేదు కదరా."

గుంజకి ఇప్పుడు అర్థమైంది. ఈ ప్రోగ్రాములన్నిటిలోనూ తను కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డ ఆ పాదం, తన వేలి కోసం పడలేదు. బావ ఇయర్‌ఫోన్లలోని టిక్కు కోసం పడింది. అయినా మధ్యమధ్యలో తల ఎత్తి, భేష్ అన్నట్టు కన్ను గీటేవాడు బావ. ఎవరికి గీటినట్టు?

"మరి అంత పెద్ద పెట్టె ఎందుకు కొన్నావ్?"

"నీకు హాలు వినబడకూడదని" అన్నాడు మిక్సరు, తల ఎత్తకుండానే.

"నువ్వు నోరుమూసుకో" అన్నాడు బావ. మళ్ళీ గొంతు మెత్తబరిచాడు. "ఆ పెట్టె నీకేరా. మేం వెళ్ళాక కూడా నీ దగ్గరే ఉంచుకో. నాకా ఆలోచన రాలేదు, మీ అక్కే చెప్పింది. మంచి పెట్టె కొనివ్వండి, వాడే ఎంచుకున్నట్టుంటే సంబరంగా వాయిస్తాడు అంది."

గుంజ ఫోన్ తీసి అక్కకు చేశాడు.

"అక్కా, నీకు తెలుసా?"

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

"తిన్నావా నువ్వు?" అంది అక్క.

"ఓడలో నాలుగు పడకల సంగతి తెలుసా అని అడుగుతున్నా."

"ఎండన పడి తిరక్కు. ఇంటికి రా, మాట్లాడుకుందాం నాన్నా."

అతను ఫోన్ పెట్టేశాడు. చిన్నప్పుడు అతని బొమ్మ విరగ్గొట్టి దాచినప్పుడు కూడా అక్క ముందు అడిగింది తిన్నావా అనే.

తలుపు తట్టి ఓడ మేనేజరు లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇందాక కిందికొచ్చారే, మీరేనా? అది మా ప్రయాణికులకి బాగా నచ్చుతుందండి. ఆ పాటే మళ్ళీ మొదలుపెట్టండి. మీరు మళ్ళీ దిగి రండి. మా పెద్దాయనకి వీడియో తీసి పంపిస్తా."

అతను వెళ్ళిపోయాక బావ గుంజ చేతులు పట్టుకున్నాడు. "చూశావా, నీ అదృష్టం. పడక సంగతి ఏదో చేద్దాం. ముందు ఈ పూట గట్టెక్కించు."

"ఒక్కటే అడుగుతా" అన్నాడు గుంజ. "ఈ పాట నన్ను వాయించనియ్. రికార్డు ఆపేసి నా లైను పైకెత్తమను. తర్వాత నన్ను తీసుకెళ్ళినా మానినా నోరెత్తను."

"అంతేనా? సరే."

"నిజంగా?"

"మీ అక్క మీద ఒట్టు" అన్నాడు బావ. మిక్సరు వైపు తిరిగి, "విన్నావుగా, వాడి లైను పైకెత్తు" అన్నాడు. మిక్సరు ఇద్దరి ముఖాలూ చూసి వెళ్ళిపోయాడు.

పాట మొదలైంది. గుంజ బావ పాదం వైపు చూశాడు. ఆ పాదం ఎప్పటిలాగే పడుతోంది. అతను కూడా ఎప్పటిలాగే వాయిస్తూ మెట్లు దిగాడు. ఇరవై ఏళ్ళ నమ్మకం అంత తేలిగ్గా చావదు. బావ ఒట్టు వేశాడు. అదీ అక్క మీద. నిలబెట్టుకుంటాడనే అనుకున్నాడు.

మొదటి వరస దాటాక, పరీక్షగా ఒక్క నోటు వదిలేశాడు.

హాలు స్పీకర్లు ఆ నోటును వదల్లేదు.

అతను వెనక్కి తిరిగి చూశాడు. బావ చెవుల్లో ఇయర్‌ఫోన్లు మళ్ళీ ఉన్నాయి. అటు చూస్తే పరికరాల బల్ల వెనక మిక్సరు తల దించుకుని ఉన్నాడు.

మూడో వరసలో మేనేజరు ఎడమచేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. గుంజ దగ్గరికి రాగానే సంబరంగా లేచి నిలబడి, కుడిచెయ్యి చాపాడు. చాపాక తప్పు తెలిసింది. వాయించేవాడి చేతులు ఖాళీగా ఉండవు కదా. వెనక్కి తీసుకోబోయాడు.

గుంజ తీసుకోనివ్వలేదు. గిటారును పట్టీకి వేలాడనిచ్చి, తన రెండు చేతులతోనూ ఆ చేతిని పట్టుకున్నాడు. ఊపాడు. తీరిగ్గా, పెళ్ళివారిని పలకరించినట్టు. ఫోన్ అంతా చూస్తూనే ఉంది. బేస్ హాలంతా మోగుతూనే ఉంది.

మేనేజరు ఆ చేతుల వంక చూశాడు. వేలాడుతున్న గిటారు వంక, తర్వాత స్టేజీ పక్కన నిలువెత్తు స్పీకర్ల వంక చూశాడు. ఫోన్ నెమ్మదిగా దించాడు.

ముందు డ్రమ్ములు ఆగాయి. ఒక పుల్ల బావ చేతిలోంచి జారి చెక్క మీద దొర్లింది. గిటారు ఆగింది, కీబోర్డు ఆగింది, పాటగాడు సగం మాట మింగేశాడు. మిక్సరు మీటల మీద ఏది నొక్కాలో తెలియక తడుముకుంటున్నాడు. ఆ కాసేపూ నిండు హాల్లో బేస్ ఒక్కటే వినబడింది.

గుంజ మేనేజరు చెయ్యి వదిలి, అక్కడే నిలబడి విన్నాడు. ఇన్నేళ్ళలో తను వాయించింది జనంలో నిలబడి వినడం అతనికదే మొదలు. ఆలస్యంగా పడే ఆ నోటు కోసం ఎదురుచూశాడు. అది వచ్చింది.

ఆ ఒక్కటీ తప్పిస్తే, ఆ రోజు కొట్లో చాలా బాగా వాయించాడు. పెట్టె తన కోసం కొంటున్నారనుకున్నాడు మరి.