గిటారులో గుప్పెడు బియ్యం

నాదమణి కంపెనీ పాత రకం గిటార్లు చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. తెనాలి వెన్నెల ఆర్కెస్ట్రా వాళ్ళు ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

పాతది ముదురు తేనెరంగు. లావు పొట్ట. మోస్తే భుజం లాగేసే బరువు. కొత్తది పల్చన. మెడ దగ్గర ఒక భుజం కోసేసి ఉంటుంది. పక్కన వైరు పెట్టే బెజ్జం, లోపల బ్యాటరీ, శృతి కుదిరితే వెలిగే ఆకుపచ్చ లైటు. అది బజారులోకి వచ్చినప్పటి నుంచి ఆర్కెస్ట్రా వాళ్ళు టీ తాగినప్పుడల్లా దాన్నే తిట్టారు. తిట్టడం కోసమే టీ తాగారని కూడా అనొచ్చు.

"గిటారుకి బ్యాటరీ ఏంటండీ, గోడ గడియారమా?" అనేవాడు చలపతి. ఆర్కెస్ట్రా ఆయనదే. "ఇవాళ భుజం కోశారు. రేపు పొట్ట కోస్తారు. ఎల్లుండి తీగలు ఒక్కటే పొట్లం కట్టి చేతిలో పెడతారు."

అదే చలపతి పెళ్ళి స్టేజీ ఎక్కాక వెనక్కి తిరిగేవాడు. "ఒరే నాగశివా, నీ లైటు ఒకసారి వెలిగించరా. నా మూడో తీగ ఎక్కడ ఏడుస్తోందో చూద్దాం." ఆ లైటు చూసి శృతి చేసుకునేవాడు. పని అయ్యాక, "ఈ లైట్లు వచ్చి మనుషులకి చెవులు పోయాయి" అనేవాడు. పాత గిటార్ల ముందు పెట్టిన మైకులు కుయ్యిమని కూస్తుంటే నాగశివ గిటారు ఒక్కటే వైరు గుండా సాఫీగా వినపడేది. ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

నాగశివది రేపల్లె. పగలు రేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. పాత నాదమణి కొందామని చాలా తిరిగాడు. ఉన్నవాళ్ళు అమ్మరు. షాపులో కొత్తదే దొరికింది. కొన్నాడు. అందుకని ఆయన్ని వెనక వరసలో, డ్రమ్ముల పక్కన కూర్చోబెట్టారు. ముందున్న రెండు కుర్చీలూ పాత గిటారు ఉన్నవాళ్ళకే. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. రాసిపెట్టి ఉంటే ఎవరో ఒకరు గీత పెట్టి కొట్టేసేవాళ్ళు.

డ్రమ్ముల పక్కన కూర్చున్నవాడు వీడియోలో పడడు. మోచెయ్యి పడుతుంది. నాగశివ తల్లి మహాలక్ష్మి కొడుకు వాయించిన ప్రతి పెళ్ళి వీడియో ఫోనులో చూసేది. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపించేది. "ఇదిగో, ఈ ఎర్ర చొక్కా వెనకమాల ఆడతంది చూడు, అది మావాడిదే." వచ్చినవాళ్ళు ఫోను దగ్గరికి తీసుకుని మోచేతిని మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆమె కొడుకుని అడిగేది.

"మొహం ఎప్పుడు కనపడుద్దిరా?"

నాగశివ పనిముట్ల సంచి ఎత్తుకుని బయల్దేరేవాడు. ఆ ప్రశ్న మాత్రం ఆయన్ని రేవు దాకా వదిలేది కాదు.

ఈ వానాకాలం మొదట్లో ముందు కుర్చీ ఒకటి ఖాళీ అయింది. అందులో కూర్చునే సింగరయ్య, వేళ్ళు బిగుసుకుపోయి, వాయించడం మానేశాడు. నాగశివ చలపతి దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"వాయింపుకేంరా, బ్రహ్మాండం. నీ వేళ్ళకి వంక పెట్టేవాడు లేడు" అన్నాడు చలపతి. "గిటారే."

"గిటారుకేమైందండి?"

"జీర లేదు."

జీర అంటే చెప్పాలి. పాత నాదమణి మీద చెయ్యి వేస్తే తీగ మోత వెనక సన్నగా ఒక గరగర వినపడుతుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని జీర అంటారు. చెక్క పండితే గాని జీర రాదని బాపట్ల ఉమాశంకర్ చెప్పాడు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. గిటారు పొట్ట తట్టి చెక్క వయసు చెప్తాడని పేరు. ఆయన చెప్పక ముందు ఆ గరగర ఎవరికీ వినపడలేదు. చెప్పాక వినపడని వాడు లేడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సముద్రం దగ్గర కాబట్టి మా వైపు గాలిలో తడి ఎక్కువ. ఉప్పు జాడీలో నాలుగు గింజలు వేసినట్టే గిటారు కడుపులోనూ బియ్యం వేస్తారు. పల్చటి గుడ్డలో చిన్న మూట కట్టి తీగల సందులోంచి జారవిడుస్తారు. అది ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని. తొలకరికి వేస్తారు, మర్చిపోతారు. గుడ్డ చివికిపోతుంది. గింజలు లోపలే ఉంటాయి. మళ్ళీ ఏడు ఇంకో మూట పడుతుంది.

కుర్చీ కోసం రెండో మనిషి అజయ్ బాబు. తెనాలిలో సెల్‌ఫోన్ల షాపు. మేనమామ పోతూ పాత నాదమణి ఇచ్చి పోయాడు. పాట ఒకచోట ఉంటే అజయ్ బాబు వేళ్ళు ఇంకోచోట ఉంటాయి. కానీ గిటారు పాతది. చలపతి ఎటూ తేల్చలేక ఇద్దర్నీ ఉమాశంకర్ ఇంటికి రమ్మన్నాడు.

ఆ పొద్దున రేపల్లెలో తడిగాలి కొట్టింది. నాగశివ చద్దన్నం తింటున్నాడు. మహాలక్ష్మి గోడకి ఆనించిన గిటారు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా తగిలింది. మూట కట్టడానికి గుడ్డ వెతికింది, దొరకలేదు. రైలు టైమవుతోంది. బియ్యం డబ్బాలోంచి గుప్పెడు తీసి తీగల సందులోంచి అలాగే పోసేసి, సంచి జిప్పు వేసి, "జాగ్రత్తరా" అంది. రైలు చప్పుడులో నాగశివకు ఏమీ తెలియలేదు.

అటు తెనాలిలో అజయ్ బాబు భార్య సాయి సుధ కూడా భర్త కోసం కష్టపడింది. షాపులో కంప్యూటర్ల దుమ్ము ఊదే మిషను తెచ్చి పాత నాదమణి కడుపులోకి పెట్టింది. గుడ్డ పీలికలు, బొద్దింక రెక్కలు, నల్లబడిన గింజలు వచ్చి చేట నిండింది. "ఇప్పుడు చూడండి, అద్దంలా ఉంది" అంది. అజయ్ బాబు పొంగిపోయాడు.

బాపట్లలో ఉమాశంకర్ తన మేడ మీద గదిలో ఏర్పాటంతా చేయించాడు. గదికి అడ్డంగా తాడు కట్టి, దాని మీద ఆయన భార్య పార్వతి చీరాల చీర ఆరేసింది. వాయించేవాళ్ళు చీర వెనక. వినేవాళ్ళు ముందు. అది చాలదన్నట్టు ఉమాశంకర్ కళ్ళు కూడా మూసుకున్నాడు.

"నాకు పేర్లొద్దు. ఎవరిదో వద్దు. ఒక్క దెబ్బ వింటే చాలు, పాతదో కొత్తదో చెప్పేస్తా. కానివ్వండి."

మొదట అజయ్ బాబు వాయించాడు. గిటారు శుభ్రంగా పలికింది. ఉమాశంకర్ మొహం పులిసిన మజ్జిగ తాగినట్టు పెట్టాడు.

"చాలు చాలు. ఇది కొత్తది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. జీర ఏదీ? చెక్కలో ప్రాణం లేదు."

"అండీ, అదీ..." అన్నాడు చీర వెనక నుంచి అజయ్ బాబు.

"మాట్లాడకు బాబూ. గొంతు గుర్తుపట్టేస్తా."

తర్వాత నాగశివ. మొదటి దెబ్బకే లోపల గరగరమంది.  దారిలో దేనికో తగిలి లోపల చెక్క ఊడిందనుకున్నాడు. మెల్లగా వాయించి చూశాడు. మెల్లగా వాయిస్తే ఇంకా వినపడింది. గిటారు కొంచెం వంచాడు. లోపల ఏదో అటు నుంచి ఇటు పారింది. ఇంక మోచెయ్యే గతి అనుకుని, ఆ పాటేదో పూర్తి చేసి పోదామని కళ్ళు దించుకుని వాయించాడు.

"ఆహా" అన్నాడు ఉమాశంకర్.

చలపతి కూడా తల ఒక పక్కకి వాల్చాడు.

"విన్నావా చలపతీ? అదీ జీర అంటే! పండి ముగ్గింది. ఇది పాత నాదమణి. కాకపోతే నా చెవులు కోసి ఈ దండెం మీద ఆరెయ్యండి."

పార్వతి కాఫీలు తెచ్చి, దారికి అడ్డమని చీర లాగేసింది. ఒళ్ళో గిటారుతో నాగశివ, ఆ గిటారు మీద ఆకుపచ్చ లైటు. 

"అదేంటండీ, లైటున్నది కొత్తది కదూ?" అంది పార్వతి.

ఉమాశంకర్ కాఫీ తీసుకున్నాడు. ఊదాడు. ఒక గుక్క తాగాడు.

"నేను గిటారు గురించి చెప్పాననుకున్నారా? చెయ్యి గురించి చెప్పా. చెయ్యి పాతదైతే చెక్క దానంతటదే పాతబడుద్ది."

"మరి నాది కొత్తదన్నారు?" అన్నాడు అజయ్ బాబు.

"నీ చెయ్యి కొత్తదేగా బాబూ."

 చలపతి నాగశివ వైపు తిరిగి, "ఆదివారం రేపల్లెలో పెళ్ళి. ముందు కుర్చీలో కూర్చో" అన్నాడు. ఉమాశంకర్ చెవులు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

బాపట్ల నుంచి తెనాలి దాకా చలపతి, నాగశివ ఒకే రైల్లో వచ్చారు. రేపల్లె బండి రావడానికి టైముంది. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నారు. లోపల ఏం ఊడిందో చూద్దామని నాగశివ గిటారు తీసి బోర్లించాడు. సిమెంటు మీద జలజలమని బియ్యం పడ్డాయి.

చలపతి వంగి రెండు గింజలు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏంట్రా అవి?"

"బియ్యమండి. మా అమ్మ పోసినట్టుంది. మూట కట్టలేదు."

చలపతి తన గిటారు లేకుండా ఎక్కడికీ వెళ్ళడు. పెట్టె తెరిచి దాన్ని ఎత్తాడు. చెవి దగ్గర పెట్టుకుని, పసిపిల్లని ఊపినట్టు ఒకసారి ఊపాడు. గరగరమంది. ఇంకోసారి ఊపాడు. మళ్ళీ గరగరమంది. పెట్టెలో పెట్టి మూత వేశాడు. గూడ్సు బండి ఒకటి వచ్చి మొత్తం పోయాక అడిగాడు.

"నీవి ఏం బియ్యం?"

"బీపీటీ అండి."

"నా దాంట్లో మీ పిన్ని దొడ్డు బియ్యం వేసుద్ది. అందుకే నా జీర కాస్త గంభీరంగా ఉంటది."

నాగశివ నవ్వాడు. చలపతి నవ్వలేదు. నాగశివ ఆపేశాడు.

"అయితే లోపల మిగిలినవి కూడా దులిపేస్తానండి. నా గిటారు ఖాళీగా ఉంటేనే బాగుంటది."

"దులిపావంటే డ్రమ్ముల పక్కకి పోతావు. ఉమాశంకర్ ఇది వినే నిన్ను ఒప్పుకుంది. పెళ్ళికి ఆయన కూడా వస్తన్నాడు."

"మరి జీర అంటే బియ్యమని..."

"ఊరంతా దండోరా వెయ్యమంటావా? ఆ జీర చెప్పే కదరా నేను ఇన్ని పెళ్ళిళ్ళు ఒప్పుకుంది." చలపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ ఉంది, కొత్తది. మంచం కింద. అల్లుడిదని చెప్పా. తలుపేసుకుని వాయిస్తా. బాగుంటది."

"ఎప్పుడూ అనలేదేంటండి?"

"బాగుందని ఎలా అంటాంరా? టీ దగ్గర ఇంక ఏం మాట్లాడుకుంటాం?"

రేపల్లె బండి వచ్చింది. నాగశివ ఎక్కబోతుంటే చలపతి వంగి, కింద పడ్డ గింజలు గుప్పిట్లోకి ఎత్తి, ఉఫ్ఫని దుమ్ము ఊది, గిటారు తీగల సందులోంచి లోపల పోశాడు. తన చేతులతో పోశాడు. "వెళ్ళు" అన్నాడు.

ఆదివారం పెళ్ళికి ముందు నాగశివ ఇంట్లో ఒకసారి ఆ బియ్యమంతా పళ్ళెంలోకి దులిపి వాయించుకున్నాడు. తీగ మోత ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తేటగా వినపడింది. అంత బాగా ఆయన అంతకు ముందు వాయించలేదు. తర్వాత పళ్ళెం వంచి బియ్యం మళ్ళీ లోపల పోసుకుని పెళ్ళికి వెళ్ళాడు.

పెళ్ళిలో మెచ్చుకోని వాడు లేడు. ఉమాశంకర్ వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజీ పెట్టాడు. కొత్త నాదమణిని తాను ఏనాడూ కాదనలేదనీ, సరైన చేతిలో పడితే దానికీ జీర వస్తుందనీ రాశాడు. చలపతి దాని కింద రెండు దండం బొమ్మలు పెట్టాడు. అజయ్ బాబు వెళ్ళి కొత్తది కొనుక్కుని, ఇప్పుడు జీర కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన ఇంట్లో అది వచ్చే దారి లేదు. సాయి సుధ వారానికోసారి ఊదేస్తుంది.

పెళ్ళి వీడియో ఫోనులోకి వచ్చిన సాయంత్రం మహాలక్ష్మి గడప మీద కూర్చుని చూసింది. నాగశివ గిటారు చేత్తో పట్టుకుని వెనక నిలబడ్డాడు. తెర మధ్యలో కొడుకు మొహం, మొత్తం, చెవులతో సహా. ఆమె వేలితో తెర మీద ఆ మొహాన్ని తుడిచింది. వీడియో ఆగిపోతే మళ్ళీ నొక్కింది. కొంతసేపటికి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"బాగుందిరా. కానీ వెనకమాల ఆ గరగర ఏంటి, చేటలో చెరిగినట్టు?"

"నువ్వు పోసిన బియ్యమేనమ్మా."

"అయ్యో నా మతి మండ! మూట కట్టలేదు కదూ! ఇంకా తియ్యలేదంట్రా? పాటంతా పాడైపోయింది. ఇటియ్యి, దులిపేస్తా."

ఆమె గిటారు కోసం చెయ్యి చాపింది. నాగశివ దాన్ని తన వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ అమ్మా. దులిపితే మళ్ళీ మోచెయ్యే కనపడుద్ది."