పిన్నిగారి ఎడమచెయ్యి

పొద్దున్నే పాలు కాగేలోపే పిన్నిగారి ఇంటి తలుపు తెరుచుకునేది. అంటే ఆవిడ తెరిచేదని కాదు, జనమే తోసుకుని వచ్చేసేవాళ్లు. మూడో అంతస్తులో, లిఫ్టు పక్కనే ఇల్లు. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కన కుట్టాల్సిన కర్టెన్ల గుట్ట, ఎదురుగా ఒక చెక్క కుర్చీ. వచ్చినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుని తమ ఫోను పిన్నిగారి ఎడమ అరచేతిలో పెట్టేవాళ్లు. ఆవిడ మిషను ఆపి, కుడిచేత్తో చేసుకోగలిగే పనులన్నీ అప్పుడు చేసుకునేది. దారాలు తెంపేది, గుండీలు ఏరేది, గుండుసూదులు ఊడదీసి డబ్బాలో వేసేది. ఎదుటివాళ్లు కబుర్లు చెబుతుంటే చేతిలో ఫోను నిండుతూ ఉండేది.

కొందరి చేత్తో నాటితే ఎండుపుల్లయినా చిగురేస్తుంది. ఈవిడ చేతిలో పెడితే ఫోను ఛార్జింగ్ ఎక్కుతుంది. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. పంపు తిప్పితే నీళ్లెందుకొస్తున్నాయని ఎవరైనా అడుగుతారా?

కాకపోతే దానికో పద్ధతుంది. ఫోను చేతిలో పడేసి "మళ్లీ వస్తా పిన్నిగారూ" అని జారుకుంటే ఒక్క గీత కూడా ఎక్కదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఎండల గురించీ ట్రాఫిక్ గురించీ చెబితే నత్తనడక నడుస్తుంది. కడుపులో దాచుకున్న మాట చెబితే మాత్రం, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోవడం లాంటిదన్నమాట, కాఫీ చల్లారేలోపు నిండిపోతుంది. అబద్ధం చెప్పారో, ఎక్కింది కూడా దిగిపోతుంది. రెండో అంతస్తు బ్యాంకావిడ ఒకసారి కుర్చీలో కూర్చుని "మా అత్తగారంటే నాకు ప్రాణం పిన్నిగారూ" అందో లేదో, ఫోను చప్పున చచ్చిపోయింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పడీ పడీ నవ్వారు. మధ్యాహ్నం ఆ అత్తగారే వచ్చి అదే కుర్చీలో కూర్చుని కోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పి, నిండిన ఫోనుతో, తేలికపడిన మనసుతో కిందికి దిగింది. అలా ఆ ఇంట్లో అత్తాకోడళ్లు చాలాకాలం సఖ్యంగానే ఉన్నారు.

ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా ఆవిడని పిన్నిగారనే పిలిచేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడ్డ రోజుల్లో సంబంధాలు వచ్చి వెళ్లిపోయాయి, తర్వాత తల్లీ వెళ్లిపోయింది. యాభై దాటాయి. "ఇంటినిండా మనుషులే, నాకేం తక్కువ?" అనేది. అన్నట్టు, ఆవిడ ఫోనుకి మాత్రం గోడకి తగిలించిన వైరే దిక్కు. తనతో తను ఎంతసేపని మాట్లాడుకుంటుంది!

అలా ఉండగా కొత్తరకం ఫోన్లొచ్చాయి. ఒకసారి నింపితే వారమంతా వస్తాయట. ఆ వెనకే పళ్లేల్లాంటివి వచ్చాయి, ఫోను దానిమీద పడేస్తే చాలట, వైరే అక్కర్లేదట. తర్వాత ఆ పళ్లేలు బల్లల్లోకీ, సోఫా చేతుల్లోకీ, కార్లలోకీ దూరాయి. ఎక్కడ కూర్చుంటే అక్కడే నిండిపోతుంటే, ఇక మూడో అంతస్తు దాకా ఎవరెక్కుతారు? కర్టెన్లు కూడా అంతే. ఫోనులో నొక్కితే కుట్టినవే గుమ్మంలోకి వస్తున్నాయి. "మూసుకో" అంటే మూసుకునే కర్టెన్లు కూడా వచ్చాయని విని పిన్నిగారు, "మనుషులే మాట వినరు, కర్టెన్లు వింటున్నాయా!" అని బుగ్గన వేలేసుకుంది.

ఒక్కొక్కరే రావడం మానేశారు. పోనీ ఎవరైనా కోపమొచ్చి మానేశారా అంటే అదీ లేదు. కోపమైతే పిన్నిగారు వెళ్లి బతిమాలి తెచ్చుకునేది. లిఫ్టులో కనిపిస్తే అందరూ ఆప్యాయంగానే "వస్తాం పిన్నిగారూ, ఈ ఆదివారం తప్పకుండా" అనేవాళ్లు. ఆదివారాలు వచ్చి పోయేవి. బ్యాంకావిడ ఇంట్లో అత్తాకోడళ్లు ఇప్పుడు ఎవరి మాటలు వాళ్ల కడుపులోనే పెట్టుకుని గిన్నెలు ఎత్తెత్తి వేస్తున్నారు. ఆ చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపించేది. పిన్నిగారి ఎడమచెయ్యి చల్లబడిపోయింది. ఊరికే ఉండలేక వేడివేడి కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు చెక్క కుర్చీ మీద దుమ్ము కనిపించి తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడే వేరే ఊళ్లో ఉన్న అక్క ఫోన్ చేసింది.

"ఆ అద్దెకొంపలో ఒక్కదానివీ ఎవరికోసమే? మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది. వచ్చెయ్."

అక్క ఇల్లు పిన్నిగారు ఎరిగినదే. చప్పట్లు కొడితే దీపాలు వెలుగుతాయి, పిలిస్తే ఫ్యాను తిరుగుతుంది. మనుషులు మాత్రం ఎవరి గదిలో వాళ్లుండి, భోజనానికి రమ్మని కూడా ఫోనులోనే చెప్పుకుంటారు. ఒకసారి అక్కడ వారం ఉండి వచ్చేసరికి నోరు ఎండుకుపోయింది. అయినా ఇక్కడ మాత్రం ఏముందిలే అనుకుని "సరే అక్కా" అనేసింది. ఇంటివాళ్లకి చెప్పేసింది, వచ్చే నెల మొదటి ఆదివారానికి వ్యాను మాట్లాడేసుకుంది.

ఆ మర్నాడే ఊఁగారు వచ్చాడు.

ఊఁగారంటే అయిదో అంతస్తులో ఉండే గడియారాలాయన. ఫోన్లలోనే టైము చూసుకోవడం అలవాటై గడియారాల్ని పట్టించుకునేవాళ్లు లేక దుకాణం మూసేశాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది, కూతురు అత్తవారింట్లో ఉంది. ఎవరేమడిగినా "ఊఁ" అంటాడు, కాదంటే "ఊహూఁ" అంటాడు. మూడో మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు. అందుకే భవనమంతా ఆయనకి ఊఁగారని పేరు పెట్టింది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోని మనిషి ఆయనొక్కడే. మాటలు రానివాడు వచ్చి ఏం చేస్తాడు?

గుమ్మంలో నిలబడి ఫోను చాపాడు. పూర్తిగా చచ్చిపోయి ఉంది.

"కూర్చోండి. కానీ మాట్లాడితేగానీ ఎక్కదండీ, తెలుసుగా?" అంది పిన్నిగారు.

"ఊఁ," అని కూర్చున్నాడు. అంతే. కిటికీలోంచి చూస్తాడు, గోడకేసి చూస్తాడు, ఆవిడ దారాలు తెంపుతుంటే అది చూస్తాడు. పిన్నిగారికి చిర్రెత్తుకొచ్చింది. బెల్లంకొట్టిన రాయిలా ఇలా కూర్చుంటే ఇదెప్పటికి నిండాలి, నేనెప్పుడు వంట చేసుకోవాలి అనుకుంటూ చేతిలోకి చూసుకుంది. ఫోను సగం నిండింది.

చెయ్యి తిప్పి చూసింది, ఫోను తిప్పి చూసింది. ఇన్నాళ్లూ పని లేక చేతికి మతిపోయిందేమో అనుకుంది. అలా అనుకునేలోపే మిగతా సగం కూడా నిండింది. ఆయన లేచి, ఫోను తీసుకుని, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ చచ్చిన ఫోనే. ఆ రోజు గోడ గడియారం ఆగి ఉండటం ఆయన కంట్లో పడింది. అది ఎప్పుడాగిందో పిన్నిగారికే తెలీదు. అడక్కుండానే దించి, వెనక మూత తీసి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఏదో చేశాడు. టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. "అమ్మయ్య, ఇంట్లో ఎవరో ఉన్నట్టుంది," అంది పిన్నిగారు. ఆయన "ఊఁ" అన్నాడు. ఆ ఊఁలో కాస్త నవ్వుంది.

ఇక రోజూ అదే వరస. ఆయన కోసం పిన్నిగారు కుర్చీ మీద మెత్త వేసింది. మాటల పని ఆవిడే చూసుకునేది. తల్లి కబుర్లు, కుట్లు కుదరని కర్టెన్ల కబుర్లు, బ్యాంకావిడ గిన్నెల కబుర్లు. ఒక్కోరోజు ఆవిడా ఏమీ మాట్లాడేది కాదు. అయినా ఫోను నిండేది. ఎడమచెయ్యి మళ్లీ వెచ్చబడింది. వెళ్లిపోతున్న సంగతి మాత్రం ఆవిడ చెప్పలేదు, ఎందుకో నోరు రాలేదు.

ఒక సాయంత్రం బ్యాంకావిడ కర్టెను అంచు ఊడిందని వచ్చింది. కుర్చీలో కూర్చోగానే గొంతు తగ్గించింది.

"పిన్నిగారూ, డాబా మీద బట్టలారేస్తుంటే ఊఁగారి బాల్కనీ కనిపిస్తుంది. ఆయన పట్టపగలు ఫోను టార్చి వేసి గట్టు మీద పెడుతున్నాడండీ. పక్కనే స్టూలు వేసుకుని అది ఎప్పుడు ఆరిపోతుందా అని కాపలా కాస్తున్నాడు, పాపం."

"ఎందుకట?"

"ఎందుకేంటండీ! వాళ్లమ్మాయి కొనిచ్చింది వారంరోజులొచ్చే ఫోను. మా ఇంట్లోదీ అదే. మామూలుగా వాడితే అది చస్తుందా?"

పిన్నిగారి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. చెంపలు వేడెక్కాయి. "నోర్ముయ్యవే, ఎవరైనా వింటే బాగోదు," అంది. బ్యాంకావిడ నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ రాత్రి పిన్నిగారు అన్నం కలుపుకుని తినడం మర్చిపోయింది. ఈ వయసులో ఇదేమిటి, అక్క వింటే ఏమంటుంది, గదికి రంగులు కూడా వేయించిందే, వ్యాను కూడా మాట్లాడుకున్నానే అని ఒకటే గొడవ మనసులో.

మర్నాడు ఆయన ఫోను చేతిలో పెట్టగానే ఎలాగోలా చెప్పేసింది.

"ఈ ఆదివారం మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నానండీ. ఇక అక్కడే."

ఆయన ఊఁ అనలేదు. ఊహూఁ అనలేదు. కిటికీలోంచి కూడా చూడలేదు. పిన్నిగారే మళ్లీ అందుకుంది.

"అక్కడ హాయిగా ఉంటుంది లెండి. నాకూ వెళ్లాలనే ఉంది."

అప్పటిదాకా నిండుతున్న ఫోను ఆవిడ అరచేతిలోనే గీత తర్వాత గీత దిగిపోయింది. ఇద్దరూ వంగి దాన్నే చూస్తున్నారు. ఆఖరి గీత కూడా పోయి అద్దం నల్లబడింది. పిన్నిగారు తల ఎత్తలేకపోయింది. ఆయన మెల్లగా ఫోను తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆదివారం వచ్చింది. కింద వ్యాను ఆగింది. మిషను విప్పి మూట కట్టారు, గడియారం దుప్పట్లో చుట్టారు. అంతస్తుల నిండా ఉన్నవాళ్లంతా మూడో అంతస్తుకే వచ్చారు. ఒకళ్ల చేతిలోనూ ఫోను లేదు. "మీరు లేకపోతే ఎలా పిన్నిగారూ," అని కళ్లు తుడుచుకుంటున్నారు. ఈ జనమంతా ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చారర్రా అని అరవాలనిపించింది ఆవిడకి, కానీ వాళ్లని చూస్తే ప్రేమే ఎక్కువైంది. బయల్దేరుతూ ఫోన్ చెయ్యమంది అక్క. చూస్తే పిన్నిగారి ఫోను చచ్చిపోయి ఉంది. వైరు ఏ పెట్టెలో సర్దిందో గుర్తు లేదు.

అప్పుడు మెట్ల మీంచి ఊఁగారు దిగాడు. తల దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అలవాటుగా ఫోను చాపాడు. పిన్నిగారు అందుకుని చూసింది.

"నిండుగానే ఉందిగా?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఇవాళ టార్చి వెయ్యలేదండీ," అన్నాడు. గొంతు వాడకం లేక తుప్పు పట్టినట్టుంది. "నిండుగా ఉన్నా రావచ్చా అని... అడుగుదామని."

"అమ్మో, మాట్లాడాడే!" అంది బ్యాంకావిడ అత్తగారు. "ఊరుకోండత్తయ్యా," అని కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. చాన్నాళ్లకి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం.

పెట్టె మీద పడి ఉన్న పిన్నిగారి ఫోను ఊఁగారు చూశాడు. తన ఎడమ అరచెయ్యి చాపాడు. గడియారాల పనితో కాయలు కాసిన చెయ్యి.

"ఇలా ఇవ్వండి. మీరు చెప్పండి, నేను వింటాను."

ఆవిడ ఫోను ఆయన చేతిలో పెట్టింది. అద్దం నల్లగానే ఉంది.

"నాకు వెళ్లాలని లేదండీ," అంది పిన్నిగారు. అని, జనమంతా చూస్తున్నారని కూడా చూసుకోకుండా గట్టిగా ఏడ్చేసింది.

అద్దం తెల్లగా వెలిగింది. గీతలెక్కడం ఎవరూ చూడనే లేదు, చూసేసరికే నిండుగా ఉంది. ఆ వెంటనే మోగింది కూడా. అక్క. ఆయన నొక్కి, ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాడు.

"బయల్దేరావటే?" అని అక్క గొంతు అందరికీ వినిపించింది.

పిన్నిగారు పమిటతో మొహం తుడుచుకుంది. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. లోపల వ్యాను కుర్రాళ్లు మిషను మూట ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఊహూఁ," అంది.