ఏమీ అడగని ఇన్‌స్పెక్టరమ్మ

వాహనాల తనిఖీ ఆఫీసు ఆవరణలో ఒక స్కూలు వ్యాను ఆగి ఉంది. దాని పక్కనే డ్రైవరు ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ వ్యానును తానే ఓ చుట్టు నడిపి దిగింది. బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు, బాగుచేయించుకుని తీసుకురండి అంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికి రాకపోతే వచ్చే వారం నుంచి బండి రోడ్డెక్కడానికి వీల్లేదు. డ్రైవరు ఇంటికి కూడు పెట్టేది ఆ బండే.

పాఠకులారా, ఆమె మాట మీకు అర్థమైంది. మన డ్రైవరు మాత్రం బ్రేకుల గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఈవిడ ఎంత అడుగుతోంది అని ఆలోచించాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఇదివరకటి ఇన్‌స్పెక్టరు ఏటా ఏదో ఒక వంక పెట్టేవాడు. ఓసారి హారను మోగడం లేదన్నాడు, ఓసారి అద్దం వంకరన్నాడు. చేయి తడిపితే చాలు, హారను దానంతటదే బాగుపడేది.

ఇందులో ఎంతమంది పిల్లలు ఎక్కుతారని కూడా ఆమె అడిగింది. తలకింత చొప్పున లెక్క కడుతోందని అతనికి గట్టి అనుమానం వచ్చి, సగానికి సగం తగ్గించి చెప్పాడు. తర్వాత ఆమె గదిలోకి వెళ్ళి కాగితాల మధ్య ఒక కవరు పెట్టి అందించాడు. ఆమె ఆ కవరు తీసి అతని చేతిలోనే పెట్టి, మళ్ళీ ఇలా చేస్తే కేసు రాయాల్సి వస్తుందని చెప్పింది. చాలలేదు కాబోలు అనుకుంటూ అతను బయటికొచ్చాడు.

గేటు దగ్గర కాపేసిన ఏజెంటు అదే మాట అన్నాడు. కొత్తలో అందరూ బెట్టు చేస్తారట, చేస్తేనే రేటు పెరుగుతుందట. ఆవిడతో పని లేకుండా ఇంకో ఆఫీసరుతో సంతకం పెట్టిస్తానన్నాడు. బండి తీసుకురానక్కర్లేదు, రేపు డబ్బు తెస్తే చాలు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. పక్కన ఇంకో పచ్చకామెర్ల వాడు నిలబడి అవునంటే ఇక చెప్పేదేముంది?

ఆ సాయంత్రం డ్రైవరు ఇంట్లో తన లౌక్యం గురించి గొప్పగా చెప్పుకున్నాడు. భార్య కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ అంతా విన్నది.

"మరి బ్రేకుల సంగతేంటి?"

"బ్రేకులకేం? అది డబ్బు గుంజడానికి సాకు."

"ఎవరికైనా చూపించారా?"

అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"చూపించేదాకా మన పిల్లని అందులో ఎక్కించను. మిగతా పిల్లల సంగతి మీరే ఆలోచించుకోండి."

కట్టుకున్నదానికి కూడా తన మీద నమ్మకం లేదని అతనికి ఒళ్ళు మండింది. ఆమె మాట తప్పని తేల్చడానికే తెల్లారగానే బండిని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళాడు. ముసలి మెకానిక్ చక్రం ఊడదీసి చాలాసేపు చూశాడు. బ్రేకు లైనింగు పూర్తిగా అరిగిపోయి ఇనుముకి ఇనుము రాసుకుంటోంది.

"దీంతో పిల్లల్ని తిప్పుతున్నావట్రా?" అన్నాడు.

డ్రైవరు వంగి తానే చూశాడు. స్కూలు దారిలో ఉన్న పల్లం, దాని చివర ఉన్న పెద్ద రోడ్డు కళ్ళ ముందు కదిలాయి. అతనికి భయం వేసింది, తర్వాత సిగ్గు వేసింది. ఆ రోజు పిల్లల తల్లిదండ్రులందరికీ ఫోను చేసి బండి రాదని చెప్పాడు. ఏజెంటు కోసం తీసి ఉంచిన డబ్బు రిపేరుకు పోగా ఇంకా కాస్త మిగిలింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వ్యాను నడిపి చూసి, మాట్లాడకుండా సంతకం పెట్టింది. అతను కదలకుండా నిలబడ్డాడు. అలవాటైన చెయ్యి జేబు వైపు పోబోయింది.

"ఇంకేమైనా ఉందా?" అని ఆమె అడిగింది.

"లేదమ్మా," అంటూ అతను వచ్చేశాడు.

బయట తోటి డ్రైవర్లు చుట్టుముట్టి ఎంత తీసుకుందని అడిగారు. ఏమీ తీసుకోలేదన్నాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్. మా దగ్గర అబద్ధాలెందుకు?" అన్నాడొకడు.

అతనికి కోపం రాలేదు. మొన్నటిదాకా తానూ అదే అనేవాడు. లంచం తీసుకునేవాడు మన డబ్బు పట్టుకుపోతాడు, నిజమే. కానీ ఇచ్చి ఇచ్చి మనం పోగొట్టుకున్నది, మన మేలు కోరి ఒకరు నిజం చెప్పినప్పుడు నమ్మగలిగే మనసుని.