బావి నడిచిన చోట్లు

హర్మన్ కోవ్‌లో పెరట్లో పెట్టుకుని దిగి కూర్చునే వేడినీళ్ళ తొట్లు అమ్మే దుకాణం ఒక్కటే. అది టెరెన్స్‌ది. తొట్టి కొన్నవాళ్ళు నీళ్ళు నింపాక ఒక సీసాలో కాసిని పట్టుకుని అక్కడికి తెచ్చేవాళ్ళు. కిటికీ పక్క బల్ల దగ్గర టెరెన్స్ పెద్దమ్మ ఓర్ఫా కూర్చుని వాటిని పరీక్షించేది. రంగు మారే కాగితం పట్టీ ముంచి, పదిహేను లెక్కపెట్టి, రంగు చూసేది. ముందు ఏ పొడి వెయ్యాలో, తర్వాత ఏది వెయ్యాలో, మధ్యలో ఎంతసేపు ఆగాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చేది.

"ఇది పడ్డాకే అది. తారుమారు చేశారో, ఒళ్ళంతా దురదెక్కి నా పేరు చెప్పుకుని గోక్కుంటారు" అనేది.

ఆమెకు డెబ్భై ఆరేళ్ళు. ఈ మధ్య ప్రతి కాగితానికీ నకలు ఒకటి తనకోసం రాసుకుంటోంది. ఇంట్లోంచి బయల్దేరేముందు 'పొయ్యి ఆర్పాను' అని ఎడమ అరచేతిలో రాసుకుంటోంది. తాళాలు ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం అందరికీ ఉండేదే. కానీ కిందటి వారం టీ పోసుకుంటూ, చేతిలో ఉన్న కెటిల్‌ను ఏమంటారో గుర్తురాక, అది చల్లారేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తొట్టి పెట్టే చోటు చూసి రావడం కూడా ఆమె పనే. నీళ్ళూ మనుషులూ కలిపి నిండు తొట్టి రెండున్నర టన్నులు తూగుతుంది. కింద కంకర గట్టిగా దిమ్మిస కొట్టాలి, స్లాబ్ పొయ్యాలి, నాలుగు మూలలా మట్టం చూడాలి. ఇదంతా ఏ ఊళ్ళోనైనా చేసేదే. హర్మన్ కోవ్‌లో మాత్రం బావి అక్కడ ఉందో లేదో కూడా చూడాలి.

ఆ ఊరి పాత బావి ఒకచోట ఉండేది కాదు. ముప్పై అడుగుల లోతున రాతి కట్టుతో, పైకి పచ్చిక తప్ప ఏమీ కనపడకుండా, పెరళ్ళ కింద నడుస్తూ ఉండేది. ఒకచోట ఏడాది ఉండేది, ఇంకోచోట ఇరవై ఏళ్ళు. "ఈ ఏడు బావి జింక్ వాళ్ళ ఇంటి వైపుంది, ఆవును అటు తోలకు" అని జనం మంచు సంగతి చెప్పుకున్నట్టే చెప్పుకునేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళుగా అది ఊరవతల చిత్తడిలో పడి ఉంది. అయినా కింద బావి ఉందో లేదో చూడకుండా ఎవరూ స్లాబ్ పోసుకోరు. గ్లాసుతో నీళ్ళు నేలమీద పెడితే, కింద బావి ఉన్నచోట ఆ నీళ్ళు నడుమ గుంటపడతాయి. నీళ్ళ పరీక్షలోనూ తెలుస్తుంది. ఇనుము ఉన్న బోరునీళ్ళలో క్లోరిన్ వేస్తే టీ రంగుకు తిరిగి అలాగే ఉండిపోతాయి. పాత బావి నీళ్ళు టీ రంగుకు తిరిగి, మళ్ళీ వాటంతట అవే తేటపడతాయి.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున నాడీన్ నికిల్ ఊరగాయ సీసాలో నీళ్ళు పట్టుకొచ్చింది. ఆమె వృద్ధుల ఆశ్రమంలో ఆయా. మొగుడు వేడ్ స్కాలప్ గవ్వలు పట్టే పడవ మీద పనిచేస్తూ రెండేళ్ళ కిందట నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ నడుం కోసమే తొట్టి.

"నిన్న నింపాం అత్తా. పొద్దుటికి వేడెక్కాయి. ఆయనైతే చేపల బుట్ట చుట్టూ పిల్లి తిరిగినట్టు దాని చుట్టూ తిరుగుతున్నాడు."

"పరీక్ష అయ్యేదాకా దిగొద్దని చెప్పావా?"

"నేను చెప్తే వింటాడా? మీరు చెప్పారని చెప్పాను."

ఓర్ఫా చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి క్లోరిన్ వేసింది. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. "ఇనుముంది. దానికో మందుంది, కంగారుపడకు" అంటూ కాగితం అందుకుంది. రెండు వాక్యాలు రాసి తలెత్తి చూసేసరికి గొట్టంలో నీళ్ళు తేటగా ఉన్నాయి.

ఆమె గొట్టం కడిగింది. ఇంకోసారి చేసింది. టీ రంగు తిరిగాయి, తేటపడ్డాయి.

సొరుగు లాగి, స్థలాలు చూసినప్పుడు రాసుకునే పుస్తకం తీసింది. నవంబరు పేజీ దొరికింది. 'వేడ్ ఇల్లు. కంకర మట్టం సరే. గ్లాసు పెట్టాను. మొదటి మూల సరే. రెండు సరే. మూడు సరే. నాలుగు'. ఆ తర్వాత ఏమీ లేదు. పేజీ తిప్పింది. అవతల వేరే ఇల్లు.

నాలుగో మూల చూశానా? ఆ పెరడు గుర్తుంది, సన్నగా వాన పడటం గుర్తుంది. నాలుగో మూల దగ్గర వంగిన జ్ఞాపకం మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు. "ఇక స్థలాలకు వెళ్ళకు పెద్దమ్మా, నీ మతిమరుపుతో ఎవరి కొంపో ముంచుతావు" అని టెరెన్స్ నవ్వుతూ అన్నమాట చెవిలో మోగింది.

"నాడీన్, వేడ్‌కు ఫోన్ చెయ్యి."

నాడీన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"బండి తియ్యి. బావి మీ ఇంటి కిందికొచ్చింది."

నాడీన్ ఇంకేమీ అడగలేదు. ఆ ఊళ్ళో పుట్టిన పిల్ల.

దారిలో ఓర్ఫా టెరెన్స్‌కు ఫోన్ చేసింది. అతను నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వేరే ఊళ్ళో తొట్టి దింపుతున్నాడు. రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదపడం మొదలుపెట్టింది.

బావి తన ఇష్టంతో వస్తుంది. పొమ్మనాలంటే అది నడిచిన చోట్లన్నీ మొదటినుంచీ వరసగా చెప్పి, చివర ఎక్కడికి పోవాలో చెప్పాలి. కాగితం చూసి చదివితే వినదు. ఓర్ఫా తల్లి ఆ వరసను ఆమెకు నేర్పింది, పెరట్లో బట్టలారేస్తూ. చిత్తడితో కలిపి ఇప్పుడు ఇరవై మూడు చోట్లు. ఊళ్ళో ఇప్పుడది తెలిసింది ఓర్ఫా ఒక్కతికే. ఆమె కూడా ఎన్నడూ బావికి ఎదురుగా చెప్పి ఎరగదు.

పెరట్లోకి వెళ్ళేసరికి వేడ్ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చున్నాడు.

"ఏంటత్తా, ఫలితం చెప్పడానికి మీరే వచ్చారా? పాసా, ఫెయిలా?" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు. "నాడీన్, నడుం పట్టేసిందే. అంగుళం కదల్లేను. ఇందాకట్నుంచీ తొట్టి ఒరుగుతున్నట్టుంది. టెరెన్స్ మట్టం సరిగ్గా చూళ్ళేదనుకుంటున్నా."

తొట్టిలో నీళ్ళు ఒకవైపు అంచుదాకా వచ్చాయి, రెండోవైపు జానెడు దిగాయి. స్లాబ్ మీద నాలుగో మూల నుంచి వెంట్రుకంత బీట అడ్డంగా పాకింది. నాలుగో మూల.

ఓర్ఫా ముందు గోడ దగ్గరికి వెళ్ళి కరెంటు మీట దించింది. ఆ పని చేతులకు గుర్తుంది. తర్వాత వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి బీట పక్కన పచ్చిక మీద పెట్టింది. నీళ్ళు నడుమ గుంటపడ్డాయి. ఎవరో కింది నుంచి చప్పరిస్తున్నట్టు ఆ గుంట లోతయింది.

నాడీన్ మొగుణ్ణి పట్టుకు లాగుదామని స్లాబ్ మీద కాలు పెట్టింది. కింద రాయి దొర్లిన చప్పుడయింది. చాలా లోతునుంచి, నీళ్ళలో పడిన చప్పుడు. వెంటనే వెనక్కి దూకింది.

"నీళ్ళు వదిలేస్తే బరువు తగ్గుతుందేమో!" అంటూ తొట్టి కింది గొట్టం మూత తిప్పింది. నీళ్ళు సర్రున బీటలోకి దిగాయి. తొట్టి ఇంకో రెండు వేళ్ళు కుంగింది.

"మూసెయ్! దానికి రుచి మరిగించకు!" అరిచింది ఓర్ఫా.

ఆమె పచ్చిక మీద మోకరిల్లింది. దగ్గి, వేళ్ళు ముడుస్తూ చెప్పసాగింది.

"పాత చర్చి వెనక ఆపిల్ చెట్టు. అక్కణ్ణుంచి కమ్మరి కొట్టం. అక్కణ్ణుంచి జింక్ వాళ్ళ క్యాబేజీ మడి. అక్కణ్ణుంచి హైస్లర్ వాళ్ళ గడ్డి పొలం. అక్కణ్ణుంచి బడి మెట్టు. అక్కణ్ణుంచి చేపలారేసే రాళ్ళు..."

ఒక్కో పేరూ వచ్చింది. తడబడుతూనే అయినా అన్నీ వచ్చాయి. "...అక్కణ్ణుంచి చిత్తడి" అని వేళ్ళు చూసుకుంది.

ఇరవై రెండు.

స్లాబ్ కింద మళ్ళీ రాయి దొర్లింది.

ఒకటి పోయింది. ఒక చోటు తల్లోంచి జారిపోయింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి గబగబా. ఇరవై రెండు. మళ్ళీ. ఇరవై రెండు. తొట్టి అంచు మీంచి నీళ్ళు పొర్లి బీటలోకి కారుతున్నాయి. వేడ్ రెండు చేతులతో పై అంచు పట్టుకుని వేలాడుతున్నాడు.

"అత్తా," అన్నాడు వేడ్, పళ్ళ బిగువున, "మొన్న చర్చిలో నన్ను మా నాన్న పేరుతో పిలిచారు. ఫర్లేదు, ఏదో ఒక పేరు చెప్తూ ఉండండి. ఆపకండి."

"ఒకటి పోయింది నాయనా. ఎక్కడో ఒకటి మర్చిపోయాను."

"గుర్తొస్తుంది. గుర్తు రాకపోతే నా తొట్టి డబ్బులు మాత్రం వెనక్కిప్పించండి."

"నోర్ముయ్యి వేడ్!" అంది నాడీన్ ఏడుస్తూ.

ఓర్ఫా నాలుగోసారి మొదలుపెట్టింది. ఆపిల్ చెట్టు. కమ్మరి కొట్టం. క్యాబేజీ మడి. హైస్లర్ వాళ్ళ గడ్డి పొలం. అక్కడికి వచ్చేసరికి ఊపిరి అందక ఆగిపోయింది. నాడీన్ తాడు మీద ఆరేసిన దుప్పటి గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వింటూంటే తల్లి కనపడింది. తల్లి కూడా ఇక్కడే ఆగేది. ప్రతిసారీ ఇక్కడే. దుప్పటి దులపడానికి ఆగుతోందని చిన్నప్పుడు ఓర్ఫా అనుకునేది. ఎప్పుడు ముగుస్తుందా అని ఉబలాటపడి "బడి మెట్టు!" అని తనే అందించేది. తల్లి మాట్లాడకుండా ఆమె నోటిమీద చెయ్యి పెట్టేది.

నిజానికి అప్పుడు తల్లి చేతిలో దుప్పటి ఉండేది కాదు. తల దించుకుని నిలబడేది, సమాధి దగ్గర నిలబడ్డట్టు.

ఓర్ఫా మళ్ళీ మొదటికి వెళ్ళింది. గడ్డి పొలం దగ్గర నోరు మూసుకుంది. తల దించుకుని ఒక నిండు ఊపిరి తీసి వదిలింది. ఒక వేలు ముడిచింది. అప్పుడు "అక్కణ్ణుంచి బడి మెట్టు" అంది.

కింద చప్పుడు ఆగిపోయింది. అది వింటోంది.

"...అక్కణ్ణుంచి చిత్తడి" అనేసరికి ఇరవై మూడు. "అక్కణ్ణుంచి వేడ్ నికిల్ పెరడు. ఇక్కణ్ణుంచి..."

ఎక్కడికి పంపాలో ఆలోచించుకోలేదు. పూర్వం వాళ్ళకు పొలాలూ అడవులూ ఉండేవి, ఏదో ఒక మూల చూపించేవాళ్ళు. ఆమెకున్నది ఒక చిన్న ఇల్లు, దాని వెనక రెండు గుంజలు పాతి బట్టలారేసుకునే జాగా.

"ఇక్కణ్ణుంచి మా బట్టల తాడు కిందికి" అంది.

కాళ్ళ కింద నేల, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు మెత్తగా కదిలింది. గ్లాసులో గుంట పూడింది. తొట్టిలో నీళ్ళు అటూ ఇటూ రెండుసార్లు ఊగి మట్టంగా నిలబడ్డాయి. స్లాబ్ మీద బీట మాత్రం అలాగే ఉంది.

టెరెన్స్, నలుగురు మనుషులూ వచ్చి వేడ్‌ను పైకి తీసి దుప్పట్లో చుట్టారు. టీ రెండు గుక్కలు తాగాక వేడ్ అడిగాడు: "అయితే చలికాలం వెళ్ళాక వచ్చిందన్నమాట ఇది?"

"ఏమో నాయనా. నేను నాలుగో మూల చూశానో లేదో నాకు..."

"చూశారు. నేనే గొడుగు పట్టాను కదా. పుస్తకం తడిసిపోతోందని మీరు మూసేశారు. తర్వాత లోపలికొచ్చి మొలాసిస్ బెల్లప్పాకం రొట్టె తిన్నారు, రెండు ముక్కలు."

ఓర్ఫా టెరెన్స్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. తప్పు చెయ్యలేదని తెలిసి ఆమెకు హాయిగా ఉండాలి. లేదు. గొడుగు గుర్తులేదు. రొట్టె గుర్తులేదు. ఆ పూట అంతా ఎవరిదో అన్నట్టుంది.

మర్నాడు పొద్దున ఆమె తన వంటింటి కొళాయి నీళ్ళు గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ వేసింది. టీ రంగు తిరిగాయి. చూస్తూ ఉండగానే తేటపడ్డాయి. తలుపు తట్టి నాడీన్ లోపలికి వచ్చింది.

"మొదటినుంచీ చెప్పండి అత్తా. కాగితం తేలేదు."

"డ్యూటీ లేదా నీకు?"

"మధ్యాహ్నం ఉంది. గడ్డి పొలం దగ్గర మీరు ఎందుకు ఆగారు?"

"అక్కడ ఒక ఇల్లుండేది. ఆ ఇంటి పిల్లను బావి తీసుకుంది. మా పేరు ఇంకెప్పుడూ చెప్పొద్దని వాళ్ళు అడిగారట. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరికీ తెలీదు కూడా. నాకు తెలిసింది ఆగడం ఒక్కటే."

ఆ ఏడంతా నాడీన్ డ్యూటీకి వెళ్ళేముందు వచ్చేది. బట్టల తాడు వంటింటి వైపు జరిపారు. పాత గుంజల మధ్య పచ్చిక మీద గ్లాసు ఒకటి ఎప్పుడూ ఉండేది. రోజురోజుకూ ఓర్ఫా చెప్పేది తగ్గి, నాడీన్ చెప్పేది పెరిగింది. ఓర్ఫాకు ముందు నికిల్ అన్న పేరు పోయింది. తర్వాత దుకాణం దారి పోయింది. రాత్రిళ్ళు మంచం కింద రాళ్ళ మధ్య నీళ్ళు కదలడం వినపడి, భయపడి, గోడ పట్టుకుని కూర్చునేది.

అక్టోబరులో ఒక పొద్దున వంటింటి గుమ్మం దగ్గర పెట్టిన గ్లాసులో కూడా నీళ్ళు గుంటపడ్డాయి. పచ్చిక మీద ఒక అమ్మాయి మోకరిల్లి, వేళ్ళు ముడుస్తూ ఏవో చోట్ల పేర్లు చెబుతోంది. ఆపిల్ చెట్టు. కమ్మరి కొట్టం. ఎవరీ అమ్మాయి? ఎంత ఆలోచించినా ఓర్ఫాకు పేరు రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి వింది. క్యాబేజీ మడి. హైస్లర్ వాళ్ళ గడ్డి పొలం.

ఓర్ఫా ఊపిరి బిగబట్టింది.

ఆ అమ్మాయి ఆగింది.